కిషన్ రావు చెవుల తీర్పు

జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు పెట్టిన భయం అది. గురువారం పొద్దున విద్యావతి దాన్ని భర్త చంకలో పెట్టి, కాసేపటికి "మోగింది గదా, తియ్యిండ్రి" అంది. కిషన్ రావుకు ఏ మోతా వినపడలేదు. సాయంత్రానికి జ్వరం దిగింది గానీ భయం దిగలేదు.

ఇంకొకరైతే వయసు మీద పడిందనుకుని ఊరుకునేవారు. కానీ చిక్కడపల్లిలో కిషన్ రావు చేసిన కరెంటాఫీసు కొలువును జనం ఎప్పుడో మరిచిపోయారు, ఆయన చెవుల్ని మాత్రం మరవలేదు. మొదటి జీతంతో మంచం కొనకుండా రికార్డు ప్లేయరు కొని, చాప మీద పడుకుని పాటలు విన్న మనిషి. పక్కింటి నీళ్ల మోటారు మోత వింటూనే దాని బేరింగు పోతోందని గోడ మీంచి కేకేసి చెప్పేవాడు. విద్యావతి ఇప్పటికీ ఎకసెక్కమాడుతుంది, "మా ఆయన సంపాయించిన ఆస్తి ఆ రెండు చెవులే" అని. ఆ ఆస్తి కరిగిపోతోందని ఆమెతో చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

ఆదివారం రానే వచ్చింది. ఆదివారాలు ఆయనా, లెక్చరరు క్రాంతికుమారూ అశోక్‌నగర్‌లో నగేష్ ఇంట్లో చేరతారు. నారాయణగూడలో బట్టల దుకాణం నడిపే నగేష్, విదేశీ కంపెనీ ఆంప్లిఫయరు ఒకటి, కారు ఖరీదుది, విని చూసుకోవడానికి ఇంటికి తెప్పించాడు. పేరున్న కంపెనీదైతేనే పాడేవాళ్ల గొంతుకు ప్రాణం వస్తుందని అతని వాదన. ఆ ప్రాణం పాటలో కాదు, బిల్లులో ఉంటుందని క్రాంతికుమార్ ఎద్దేవా. కొలతలు చూస్తే అన్ని ఆంప్లిఫయర్లూ ఒకటేనట. అయినా తాను సొంతంగా తయారుచేసిన దాన్ని మించింది లేదంటాడు. కాకి పిల్ల కాకికి ముద్దు. డబ్బు పోసినవాడి చెవి ఒకటి వింటుంది, చెమటోడ్చినవాడి చెవి మరొకటి వింటుంది. ఆపైన గది మారినా, ఎవరైనా సౌండు పిసరంత పెంచినా తీర్పు తిరగబడుతుంది. ఇక తగవు తెగేదెలా?

అందుకే వీళ్లకొక పద్ధతి ఉంది. నగేష్ తెప్పించినదీ, క్రాంతికుమార్ చేసి తెచ్చినదీ, రెండు ఆంప్లిఫయర్లకూ అడ్డంగా దుప్పటి కడతారు. రెండింటి మీదా ఏ మమకారమూ లేని నగేష్ భార్య విజయశ్రీ దుప్పటి వెనక వైర్లు మారుస్తుంది. ఆఖరి మాట కిషన్ రావుది.

"అన్నా, ఇయ్యాల నువ్వు ఏది మంచిగుందంటే అదే ఉంచుకుంట. కాదన్నది వాపస్" అన్నాడు నగేష్.

కిషన్ రావు కుర్చీని స్పీకరు దగ్గరికి జరుపుకున్నాడు. పాత భజన రికార్డు పెట్టారు. గొంతు వినిపించింది, మృదంగం వినిపించింది. చరణం చివర సన్నగా తాళాలు మోగాలి. ఆ చోటు ఆయనకు కంఠతా వచ్చు. అక్కడ ఏమీ లేదు. రెండోసారి పెట్టారు. అప్పుడూ ఏమీ లేదు.

"రెండోదాంట్ల ఊపిరి గూడ వినొస్తుంది!" అన్నాడు నగేష్.

"ఏంది వినొచ్చేది? మొదటిదే సాఫ్ ఉంది" అన్నాడు క్రాంతికుమార్.

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు. ఏదో ఒకటి అనేసి గండం గట్టెక్కవచ్చు. కానీ అంత భయంలో ఆయనకు అబద్ధం కూడా తోచలేదు.

"రెండూ ఒక్కతీరే ఉన్నయి. నాకు తేడా తెల్వలే."

అయిపోయింది, ఇక ఈ ఇంట్లో తన కుర్చీ లేచిపోయినట్టే అనుకున్నాడు. అంతలో వంటింట్లోంచి విజయశ్రీ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అయ్యో, చాయ్ పొంగుతుందని ఉరికిన, నేను వైరు మార్చనే లేదు! రెండుసార్లూ ఒక్కటే మోగింది."

నగేష్, క్రాంతికుమార్ తెల్లముఖాలు వేశారు. తర్వాత పగలబడి నవ్వారు. నగేష్ ఆయన చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. "చెవులంటే గివి! మేమిద్దరం లేనిది విన్నం. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పినవ్."

వాళ్లు మెచ్చుకున్నకొద్దీ కిషన్ రావుకు భయం పెరిగింది. గుడ్డివాడికి దారి చూపే పని అప్పగించినట్టుంది. ఈ నమ్మకం మీద నగేష్ అంత సొమ్ము కుమ్మరించబోతున్నాడు.

విజయశ్రీ ఈసారి నిజంగానే వైరు మార్చింది. "ఇగ నువ్వొక్కనివే చెప్పాలె అన్నా, మేం నోరు మూసుకుంటం" అన్నాడు నగేష్. పాట మొదలైంది. కిషన్ రావు కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఇష్టదైవాలందరికీ మొక్కుకుంటూ విన్నాడు. ఎంతకీ రాలేదు. ఇక ఓర్చుకోలేక కళ్లు తెరిచాడు.

"నగేష్, జర నిజం చెప్పు. తాళాలు ఇంకెప్పుడొస్తయి?"

నగేష్ ముఖంలో నవ్వు ఆగిపోయింది. అతను ఒకసారి స్పీకరు వైపు, ఒకసారి ఆయన వైపు చూశాడు.

"మోగుతున్నయి గదన్నా" అన్నాడు మెల్లగా.