ఆగ్నేయపు కిటికీ

టీవీలో రోజూ సాయంత్రం పుదుచ్చేరి ఎండ ఇంత అని ఒకే అంకె చెప్తారు. ఎవరి పుదుచ్చేరి? సముద్రం ఒడ్డునే ఉన్న వైట్ టౌన్‌లో మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకే సముద్రపు గాలి తిన్నని వీధులెంట దొరలా నడిచొచ్చి కిటికీ తెరలు లేపుతుంది. ముత్తియాల్‌పేటలో మా ఇంటికి అది గోడగోడకీ గుద్దుకుంటూ సగం ప్రాణంతో చేరుతుంది. ఇంకా లోపలికున్న సారం పేటకు మరీ ఆలస్యం. కత్తిరి ఎండల్లో, అంటే మే నెల నిప్పుల రోజుల్లో, పడమటి వడగాలి దాన్ని దారిలోనే మెడపట్టి వెనక్కి నెడుతుంది. ముందు ముందు భూమి ఇంకా వేడెక్కుతుందని పేపర్లలో రాస్తున్నారు. ఎక్కుతుంది. అందరి నెత్తినా ఒకేలా మాత్రం కాదు. ఈ మాట చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు. నాకు లేదు కూడా. తెలుగు అక్షరాలే పెళ్ళయ్యాక పాత పత్రికలు ముందేసుకుని నేర్చుకున్నవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా బావ మిల్లు ఉద్యోగం నుంచి రిటైరై సారంలో ఇల్లు మొదలుపెట్టాడు. మా అక్కకు కోరిక ఒక్కటే: ఎండాకాలం మధ్యాహ్నం కాసేపు నిద్రపట్టే గది. వేడి తలకెక్కితే ఆమెకు ఒకవైపు తలనొప్పి లేస్తుంది, వాంతులయ్యేదాకా వదలదు. చిన్నప్పటి నుంచీ అంతే.

బావ పిలిపించిన వాస్తు సిద్ధాంతి దిక్సూచి నేలమీద పెట్టి, ఆగ్నేయ మూల వంటిల్లు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా ఊళ్ళో సముద్రపు గాలి వచ్చేదే ఆ మూల నుంచి. అక్కడ పొయ్యి పెడితే పొయ్యి వేడినీ పోపు ఘాటునూ మోసుకొచ్చి ఇల్లంతా పంచిపెడుతుంది. ఆ శాస్త్రం రాసినాయన మా సముద్రం మొహం చూసి ఉండడు.

"ఏంది బావా, అక్కను ఇంట్లో పెడతావా, కుంపట్లో పెడతావా?" అన్నాను.

"సుమ్మా ఉండరా, నోరు మూసుకుని. ఆయన ఎన్ని ఇండ్లకు చెప్పినాడో నీకేం తెలుసు?"

"చెప్పినాడులే. ఆ ఇండ్లల్లో ఒక మధ్యాన్నం పడుకున్నాడా?"

అక్క మా ఇద్దరినీ చూసింది. "మీ దిక్కులు మీరే పంచుకోండి. నాకు నిద్దర యాడ పడితే అదే కాశీ."

సిద్ధాంతి గొంతు సవరించుకుని, వంటింటికి వాయువ్యం కూడా పనికొస్తుందన్నాడు. సందు లేని శాస్త్రం ఉంటుందా! వంటిల్లు అటు జరిగింది, ఆగ్నేయ మూల అక్క గదికి మిగిలింది. నేను పునాది గుంజకు అక్క పాత చీర అంచు కట్టి, మధ్యాహ్నాలు ఎండలో నిలబడి అది ఎటు ఎగురుతుందో చూశాను. గాలి వచ్చే దిక్కుకే ఆ గదికి కిటికీ పెట్టించాను, గోడలో సగం ఉండేంత.

మొదట్లో అక్క హాయిగా పడుకుంది. నేను వెళ్ళినప్పుడల్లా ఆ గదిలో కూర్చుని, అడగనివాళ్ళకు కూడా నా కిటికీ చూపించేవాణ్ణి.

ఒక ఏడాది ఎదుటి ఖాళీ స్థలంలో నాలుగంతస్తుల ఫ్లాట్లు లేచాయి. సముద్రం ఎంత దూరమో, గాలి ఎటు వీస్తుందో లెక్కేసిన ఘనుణ్ణి, మధ్యలో ఉన్న ఖాళీ స్థలానికి సొంతదారు ఉంటాడని తలచుకోలేదు! ఇప్పుడు నా కిటికీకి ఎదురుగా గోడ, గోడకు వరసగా ఏసీ డబ్బాలు. వాళ్ళ గదులు చల్లబరచుకుని ఆ వేడి ఊపిరంతా మా అక్క మీదికి వదిలేవారు. కత్తిరి రాకముందే ఆమె తలకు తడిగుడ్డ కట్టుకుని, పక్కన బకెట్ పెట్టుకుని పడుకుంది.

బావ నన్ను వదుల్తాడా? "ఆగ్నేయం అగ్నిదేవుడి చోటని ఆయన అప్పుడే చెప్పినాడు కదరా. చూడు, ఎంత బాగా కాలతా ఉందో!"

జవాబు అక్క చెప్పింది. బకెట్ పక్కకు తోసి లేచి, ఎక్కడ చల్లగా ఉందోనని ఇల్లంతా గోడలు తడుముకుంటూ తిరిగి, ఈశాన్యంలో దేవుడి గది ముందు ఆగింది. ఆ పక్క వీధి తూర్పుకు తిన్నగా పోతుంది. గాలికి మిగిలిన దారి అదొక్కటే.

"తమ్ముడా, పటాలు దించు."

బావ అదిరిపడ్డాడు. "దేవుళ్ళను యాడ పెడతావే?"

"నా గదిలో."

"ఆ నిప్పుల్లోనా? మహాపాపం!"

"వాళ్ళకు తలనొప్పి వస్తుందా? కడుపులో తిప్పుతుందా? పొద్దాకులూ దీపం ముందర కూచునేవాళ్ళు, ఓర్చుకుంటారులే."

జీవితమంతా దేవుళ్ళ మీద జోకులు వేసినవాణ్ణి, వేంకటేశ్వరుడి పటం పట్టుకున్నప్పుడు నా చేతులు చెమటపట్టాయి. వేడికే అని బావకు చెప్పాను.

మర్నాడు దీపం వేళకు వెళ్ళాను. ఈశాన్యం గదిలోంచి అక్క గురక వినిపిస్తోంది. ఆగ్నేయం గదిలో బావ వట్టి ఒంటితో, వీపంతా చెమట కారుతుండగా హారతి ఇస్తున్నాడు. మంత్రాలు సగానికి సగం మింగేస్తున్నాడు. నేను నోరు తెరవబోతే కళ్ళెర్రజేసి, పక్క గది వైపు గడ్డం చూపించాడు. గంట ఊపుతూనే ఉన్నాడు, దాని లోపలి నాలుకను వేళ్ళతో గట్టిగా పట్టుకుని.