యాప్రాల్‌లో తూర్పు కోసం ఒక ఆదివారం

ఆఫీసులో సాఫ్ట్‌వేర్ తప్పులు వెతకడం నా ఉద్యోగం. సాయంత్రాలు పద్మారావు నగర్ గదిలో కూర్చుని ఆకాశం గురించీ, అయస్కాంతాల గురించీ తెలుగులో బ్లాగు రాయడం నా సరదా. "బాగుంది", "ఇంకా రాయండి" లాంటి వ్యాఖ్యలకు అలవాటుపడ్డ నన్ను, కర్ర నీడతో దిక్కులు కనుక్కోవడం మీద రాసిన టపా కింద సునీత అనే పాఠకురాలు అడిగిన ప్రశ్న కుదురుగా ఉండనివ్వలేదు. యాప్రాల్‌లో వాళ్లు కడుతున్న ఇంటి దర్వాజా తూర్పుకు లేదని దిక్సూచి చూపించిందట. సోమవారం దాన్ని పగలగొట్టిస్తానని మామగారు పట్టుబట్టారట. ఆ దర్వాజాకు పసుపు పూసి నిలబెట్టించిన అత్తగారు నెల తిరక్కుండానే పోయారు. "ఆమె చేతి పసుపు ఇంకా పోలేదక్కా. దిక్సూచి తప్పు చెప్తదా?" అని రాసింది. జవాబు టైపు చేసి వదిలేసే సంగతి కాదనిపించి, చిరునామా అడిగి ఆదివారం పొద్దున్నే బయల్దేరాను.

ఎనిమిదింటికి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర సిటీ బస్సు దొరికింది. ఆదివారం కనుక కూర్చోడానికి సీటు కూడా దొరికింది. అప్పట్లో టికెట్ ఏడు రూపాయలు. కంటోన్మెంట్ చెట్ల మధ్య ముప్పావుగంట హాయిగా సాగింది. యాప్రాల్‌లో దిగి షేర్ ఆటో ఎక్కితే మనిషికి ఐదు రూపాయలు. సంచిలోంచి పొడుచుకొచ్చిన నా కర్రను డ్రైవర్ అద్దంలో చూశాడు.

"ఏందీ మేడం గా కట్టె?"

"ఎండలో పాతాలండి."

"పాతితే ఏం మొలుస్తది?"

నవ్వేశాను గానీ నాకూ తెలియదు. దర్వాజా నిజంగానే వంకరని తేలితే, దాన్ని పడగొట్టించిన పాపం నా బ్లాగుకే చుట్టుకుంటుంది.

సునీత గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. మామగారు మల్లయ్య నన్ను ఎగాదిగా చూసి, "కట్టెతోని ఏం తెలుస్తది బిడ్డా? సరే, కానియ్యి" అన్నారు. ఇంటికి దక్షిణాన ఖాళీ ప్లాటులో నేల చదును చేసి కర్ర నిలువుగా పాతాం. పదింటికి నీడ కొస దగ్గర మేకు దిగ్గొట్టి, కర్ర చుట్టూ అంత దూరంలో గుండ్రంగా గీత గీశాం. నీడ పొట్టిదై, మళ్లీ పెరిగి ఆ గీతను ఎక్కడ తాకుతుందో అక్కడ రెండో మేకు. రెండింటినీ కలిపే తాడు తూర్పు పడమరలు చూపిస్తుంది. అంతవరకూ కూర్చోవడమే పని.

సునీత డబ్బా విప్పి అన్నం, పచ్చిపులుసు పెట్టింది. మా విజయనగరం వైపు పులుసంటే మరిగించాల్సిందే అన్నాను. "గా తక్లీఫ్ మాకు లేదక్కా" అని ఇంకో గరిటె పోసింది. మల్లయ్యగారు ముద్ద ముట్టలేదు. ఇంటి వైపు చూస్తూ అన్నారు.

"పునాదికి ముగ్గు పోసి లైను గీసింది నేనే. మేస్త్రీకి సుత ఇయ్యలే. నేనే తప్పు గీసిన. గా దర్వాజనే మా ముసల్దాన్ని మింగింది."

ఆయన కోపం దర్వాజా మీద కాదని నాకు అప్పుడర్థమైంది.

రెండున్నర దాటుతుండగా నీడ గీతను తాకింది. తాడు కట్టి ఇంటి పొడవునా లాగాం. ముందు మూల నుంచి తాడుకు ఎంత దూరమో, వెనక మూల నుంచీ అంతే. గోడ తిన్నగా ఉంది, దర్వాజా సరిగ్గా తూర్పునే చూస్తోంది. మరి దిక్సూచి? గుమ్మం పక్కనే పై అంతస్తు కోసం తెచ్చిన ఇనుప చువ్వల కుప్ప ఉంది. ప్లాటు మధ్యలో తాడుకు సరిగ్గా అడ్డంగా నిలిచి ఉత్తరం చూపిన ముల్లు, కుప్ప దగ్గరికి తీసుకెళ్లగానే పక్కకు తిరిగిపోయింది. మల్లయ్యగారు దిక్సూచి పట్టుకుని అటూ ఇటూ నాలుగుసార్లు నడిచారు.

"మేస్త్రీని రావద్దని చెప్పు" అన్నారు కోడలితో. సునీత కళ్లు తుడుచుకుంది. నాకూ సంతోషంగా ఉంది. ఆయన మాత్రం గడప మీద కూలబడి నా వైపు చూశారు.

"నా లైను మంచిగనే ఉంటే, మరి మా ముసల్ది ఎందుకు పోయింది బిడ్డా?"

భూమి ఎందుకు వంగి తిరుగుతుందో, ముల్లు ఎందుకు పక్కకు లాగబడుతుందో రాసి రాసి, ప్రతి ఎందుకుకీ నా దగ్గర ఒక టపా ఉందనుకునేదాన్ని. ఆ రోజు చెప్పులు విడిచి ఆయన పక్కన కూర్చున్నాను. సునీత ముగ్గురికీ చాయ్ తెచ్చింది. ఆయన ఆవిడ గురించి చెబుతూ పోయారు, నేను విన్నాను.

మీరూ ఎవరింటికైనా దిక్కులు చూడటానికి వెళ్తే దిక్సూచిని ఇనుముకు దూరంగా, ఖాళీ నేల మీద చూడండి. రెండో మేకు కొట్టగానే మాత్రం బస్సుకని పరుగెత్తకండి. అసలు ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది.