ఎవరి తల వాళ్ళకు ఉంచని ఓబులేసు

ఉష వాకాడులో బస్సు మారి, ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ సముద్రపొడ్డున బొమ్మలేసే ఓబులేసు రేకుల షెడ్డు చేరేసరికి ఆయన చేతులు మేక మెడ మీద చందువ చేప తల అతుకుతున్నాయి. మేకంటే గోడంత గుడ్డ మీది బొమ్మే. అయినా ఉష ఒకడుగు వెనక్కి వేసింది. పైన చేప కన్ను ఆమెనే చూస్తోంది. కింద మేక కాళ్ళు గంతెయ్యడానికి సిద్ధంగా ఉన్నాయి.

ఓబులేసుకున్న జబ్బు అదొక్కటే. ఏ జంతువు తలనూ దాని ఒంటి మీద ఉండనివ్వడు. ఆ బొమ్మలు చెన్నైలో ప్రదర్శనలకు వెళతాయి. ఊళ్ళో జనం మాత్రం వాటిని చూసి పక్కకు తప్పుకుంటారు. బడి గోడ మీద ఆవును వెయ్యమంటే దానికి గూడబాతు తల పెట్టాడు. ఆ ఆవు గుడ్డు పెడుతుందా లేదా అని పిల్లలు మాస్టారి ప్రాణం తీస్తున్నారు. కోళ్ళఫారం బోర్డు మీద కోడికి పీత తల తగిలించాడు.

"పీతకి తల యాడుంటుంది సామీ?" అని యజమాని బిత్తరపోతే, "అందుకే అంత కష్టపడినా" అన్నాడట.

ఉష ముత్తుకూరు వైపు లారీల వెనకా, కొట్ల మీదా రాతలు రాసి రాసి చెయ్యి తిరిగిన మనిషి. ఒకరు నేర్పింది కాదు. అక్షరాలు మాట వింటాయి గానీ జంతువులు వినవు.

"జంతువులు నేర్చుకుందామని వచ్చినా అన్నా. ఉన్నవి ఉన్నట్టు వస్తే చాలు."

"ఉన్నవి ఉన్నట్టు ఉండనే ఉండాయి కదమ్మా. మళ్ళీ మనమెందుకు వెయ్యాల?" అంటూ ఆమె చేతిలో ఉప్పుకాగితం పెట్టాడు.

మొదటి పాఠం, షెడ్డు ముందు ఇసుకలో ఉన్న జాలరి చెంగయ్య కొత్త పడవను రుద్దడం. రుద్దుతుంటే చెంగయ్య వచ్చాడు.

"అన్నా, నాకు పులి కావాల. మంచి కోరల పులి. దాన్ని చూసి మా ఆడమనిషి భయపడి మాట్లాడాల."

సంగతేమంటే, భార్య కామమ్మ తన చెల్లెలింటికి వెళ్ళినప్పుడు చెంగయ్య ఆమె గేదెను అమ్మి పడవకు ఇంజను కొన్నాడు. తిరిగొచ్చి ఖాళీ గుంజను చూసింది మొదలు ఆమె మొగుడితో మాట్లాడలేదు. అన్నం కంచం పెట్టి వెళ్ళిపోతుంది. ఇంటి ఇల్లాలు బొట్టు పెట్టకుండా ఆ ఊళ్ళో కొత్త పడవ నీళ్ళు తాకదు. ఏటా ఉండే చేపల వేట నిషేధం గడువు అయిపోయింది. అందరి పడవలూ సముద్రంలో ఉన్నాయి, చెంగయ్య పడవ ఇసుకలో ఉంది.

"సరే" అన్నాడు ఓబులేసు. చెంగయ్య అటు వెళ్ళగానే ఉషకు టేపు ఇచ్చాడు. "ఆయన అమ్మిన బర్రె పక్కూళ్ళో ఉండాది. తల కొలిచి, చూసింది చూసినట్టు గీసుకోని రా."

ఆ తలను మరో ఒంటికి అతుకుతాడని ఉషకు అర్థమైంది. "లేని జంతువుకి కొలతలెందుకన్నా?"

"ఉన్నదానికి కొలత తప్పితే చూసేవోడు సర్దుకుంటాడు. లేనిదానికి తప్పితే నమ్మడు."

ఉష గేదె కొమ్ములు కొలుస్తుంటే అది టేపు నమిలింది. దాని కొత్త యజమాని నోరు తెరుచుకుని చూసి, "జాకెట్ కుట్టిస్తారా అమ్మా?" అని అడిగాడు.

బొమ్మ పూర్తయి, పడవ మీద కప్పిన టార్పాలిన్ తీసిన ఉదయం ఊరంతా ఒడ్డునే ఉంది. పడవ ముందు భాగాన వంజరం చేప ఒళ్ళు, దాని మీద గేదె తల. కిందికి వంగిన ఎడమ కొమ్ము, నుదుట తెల్ల మచ్చ, నోట్లో గడ్డిపరకతో సహా. చెంగయ్య ఇసుకలో కూలబడ్డాడు.

"పులి యాడన్నా?"

"రాలా."

"రేపట్నించి నన్ను సముద్రంలో బర్రె చెంగయ్యంటారు."

నవ్వులు వినిపించి కామమ్మ వచ్చింది. నవ్వులు ఆగాయి. ఆమె పడవకు ముక్కు ఆనేంత దగ్గరికెళ్ళి చూసింది.

"ఎవురేసినారు?"

ఓబులేసు వెంటనే వేలితో ఉషను చూపించాడు.

"తల కొలిచింది నేనేనక్కా."

"ముక్కుతాడెందుకేసినావు?"

"ఉండింది కదక్కా."

"వాళ్ళేసుంటారు. మా సుక్కికి నేనెప్పుడూ తాడెయ్యలా. పిలిస్తే వచ్చేది." బొమ్మలోని తాడు మీద వేలు పెట్టింది. "తీసెయ్ పాపా."

ఉష ఓబులేసు వైపు చూసింది. ఆయన కిరసనాయిల్లో కుంచెలు కడుక్కుంటున్నాడు, వాటికన్నా పెద్ద పని లోకంలో లేనట్టు. కామమ్మను మాట్లాడించేది పులి కాదు, బర్రేనని ఆయనకు మొదటి రోజే తెలుసని ఆమెకు అప్పుడు అర్థమైంది.

ఆయన తల ఎత్తకుండానే నల్లరంగు డబ్బా ముందుకు తోశాడు. ఉష ముక్కుతాడు మీద రంగు వేసింది. మూతికి కలిసేలా, వెంట్రుకలు వాలిన వైపే లాగింది. తాడు పోయింది. గేదె ఊపిరి పీల్చుకున్నట్టుంది.

కామమ్మ ఇంటికెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. తెల్ల మచ్చ నడిమధ్య బొట్టు పెట్టి, లంగరు తాడు తీసి మొగుడి చేతికిచ్చింది.

"కూసున్నావేంది? తొయ్యి. దానికి నీళ్ళంటే ఇష్టం."