చుయ్‌మన్న గ్లాసు

కోరుట్లల ఇనాయతుల్లా క్లారినెట్ లేకుండ పెండ్లి బరాతు కదిలిన ఇండ్లు తక్కువ. ఎక్కడో చలిదేశంల పుట్టిన నల్లకర్ర అది. మన సందులు తిరిగి తిరిగి మన యాస నేర్చుకున్నది. మిరపకాయ గూడ గట్లనే వచ్చిందట, ఇయ్యాల అది మనది కాదంటే ఎవలు నమ్ముతరు? సరే, మిరపకాయ ముచ్చట ఇడుద్దాం.

బుగ్గారం బరాతుల పిల్లగాండ్లు చప్పుడు గట్టిగ రావాలని బాంబు మీద ఇనుప డ్రమ్ము బోర్లిచ్చిన్రు. అది ఇనాయతుల్లా ఎడమ పక్కనే పేలింది. పాట నోట్లనే ఆగింది. చెవిలకెల్లి సన్నగ నెత్తురు కారింది. ఆ తర్వాత ఆ దిక్కు లోకమంత ఒకటే ఈల.

తెల్లారి జగిత్యాలల చెవి డాక్టరు ప్రీతి చూసింది. కర్ణభేరికి చిల్లు పడ్డది గని, సన్నది, అదే పూడుకుంటదన్నది.

"లోపలి దెబ్బతోనే నా భయం. పేలుడుకు అక్కడి సన్న కణాలల్ల తుప్పు అసొంటిది పుడ్తది. చప్పుడు ఆగినా అది తింటనే ఉంటది. స్టెరాయిడు గోలీలు అసలు మందు. దానికి తోడు ఆ తుప్పును ఆపేటందుకు నీళ్లల్ల కరిగే బిళ్ల, యాంటీఆక్సిడెంట్. పటాలం సిపాయిల మీద పరీక్ష చేసిన్రు. కొన్ని చోట్ల పనిచేసింది, కొన్ని చోట్ల చెయ్యలే. రాసిస్త గని నయమైతదని మాటియ్య. ఊదుడు మాత్రం బంద్."

నలభై ఏండ్ల ఊపిరిని మూట గట్టి ఇంట్ల పెట్టుమన్నట్టే అయ్యింది. శ్రుతి వినరాని ఉస్తాదు ఎందుకు పనికొస్తడు?

భార్య అజీజాబీ బిళ్లను గ్లాసుల ఏసింది. నురుగుతోపాటు మురిగిన గుడ్డు వాసన గుప్పుమన్నది. గ్లాసు మోరీల కుమ్మరిచ్చి, డబ్బా పట్టుకొని ఖలీల్ మందుల దుకాణం మీదికి పోయింది.

"ఖలీల్ భాయ్! మందని చెప్పి మురిగిన సరుకు అమ్ముతవా?"

ఖలీల్ వాసన చూసి నవ్విండు. "అజీజా ఆపా, దీంట్ల గంధకం ఉంటది. దీని పుట్టుకే గీ వాసన. అత్తరు వాసనొస్తే అప్పుడు రా, కొట్లాడుదాం."

"గా ముక్క ముందే చెప్తే నీ నోట్ల ముత్యాలు రాల్తుండెనా?"

ఖలీల్ డబ్బా మూత బిగిచ్చి మళ్ల ఆమె చేతుల పెట్టిండు.

ఆ దినంకెల్లి ఇనాయతుల్లాకు ఒక అలవాటు పట్టుకున్నది. కుడిచెవిల ఏలు పెట్టుకొని, పొంగే గ్లాసును ఎడమచెవి దగ్గర పట్టుకునేటోడు. బుడగలు కండ్లకు కనబడేటియి. చెవికి ఈలనే.

"అది తాగెటిదా, వినెటిదా?" అని అజీజాబీ కసురుకునేది. కసురుకుంటనే మొఖం దిక్కు చూసేది.

ముందే ఒప్పుకున్న సిరిసిల్ల పెండ్లి దగ్గరికొచ్చింది. పోటీ బ్యాండు దివాకర్ ఆ బరాతు తనకే అని ఊరంత చెప్పుకుంటున్నడు.

ఒకనాడు పొద్దుగాల గ్లాసు చుయ్‌మన్నది. కాలిన పెనం మీద నీటి చుక్క పడ్డట్టు, ఎక్కడో దూరంగ. ఇనాయతుల్లా గ్లాసు అవుతలికి జరిపిండు, చప్పుడు పోయింది. దగ్గరికి తెచ్చిండు, చుయ్!

"అజీజా! గ్లాసు మాట్లాడుతున్నది!"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, అట్లనే పీట మీద కూలబడి నవ్వింది.

డాక్టరు కొన్నాళ్ల తర్వాత మళ్ల పరీక్ష చేసింది. చిల్లు పూడింది, వినికిడి చానామటుకు వచ్చింది. "ఏ మందు పనిచేసిందో, చెవి తనంతల తనే లేసిందో చెప్పలేను."

"అది మీరు తర్వాత తేల్చుకోండ్రి డాక్టరమ్మా. ఊదొచ్చునా?"

"ఊదుండ్రి. బాంబులకు మాత్రం ఆమడ దూరం."

సిరిసిల్లల బరాతు బయలెల్లింది. ఈడ గూడ పిల్లగాండ్లు ముందట బాంబు మీద డ్రమ్ము బోర్లిచ్చి పెట్టిన్రు. దివాకర్ వచ్చి ఇనాయతుల్లా ఎడమ దిక్కు నిలబడి, పెండ్లికొడుకు మేనమామ బాలరాజు చెవుల గుసగుసలాడిండు. "మామా, గీ సాయబుకు ఈ పక్క చెవుడు. సగం పాటల శ్రుతి తప్పుతడు. నా బ్యాండు సందులనే ఉన్నది."

ఇనాయతుల్లా మెడ తిప్పలే. "దివాకర్, నీ డోలు సడలింది. గా సందులకెల్లి ఈడిదాక వినబడుతున్నది. ముందుగాల పోయి అది బిగియ్యి."

బాలరాజు కడుపు పట్టుకొని నవ్విండు. "గీనికి చెవుడా? గోడల చెవులు గూడ గీనియే ఉన్నట్టున్నయి!"

"బాలరాజన్నా, గా డ్రమ్ము కిందికెల్లి బాంబు తీపియ్యి. నేను ఊదంగ ఇంక చప్పుడెందుకు?"

బాలరాజు బాంబును తీపిచ్చి, ఖాళీ డ్రమ్మును కాలుతోని తన్నిండు. అది దొర్లుకుంట మోరీల పడ్డది. ఇనాయతుల్లా క్లారినెట్ పెదవులకు ఆనిచ్చి కండ్లు మూసిండు. తన పాట తనకే రెండు చెవులల్ల నిండుగ వినబడ్డది. గల్లీ గల్లీ ఎగిరి ఆడింది.

దివాకర్ శానసేపు బిగబట్టుకొని నిలబడ్డడు. ఆఖరుకు ఆయన కాలు గూడ ఆగలే.