రెండు బ్యారెళ్ళు, ఒక భుజం

మొన్న శనివారం పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గోడ అవతలి నుంచి అవిసె నూనె వాసన వచ్చింది. తడి చొక్కా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అవతల నూలా మేనకోడలు తన మేనత్త రైఫిల్‌ని బల్ల మీద పెట్టుకుని చెక్క పిడికి నూనె పట్టిస్తోంది. "ఈ పసుపు మరక ఎంత రుద్దినా పోవట్లేదు, సాండ్‌పేపర్ పెట్టనా?" అని అడిగింది. "ముట్టుకోకు, వస్తున్నా" అన్నాను. ఆ మరక నా చేతిది.

నూలా ఐర్లండ్‌లో, పోర్ట్‌లీష్ అనే ఊళ్ళో మా పక్కింటావిడ. రిటైరైన పశువుల డాక్టరు. చుట్టుపక్కల పొలాల్లో ఆవు కడుపులో అడ్డం తిరిగిన దూడలన్నింటినీ ఆ కుడిచేత్తోనే బయటికి లాగింది. చివరికి ఆ భుజమే అరిగిపోయింది. నాకు ఆవిడ చుట్టమూ కాదు, పాఠం చెప్పిన టీచరూ కాదు. కానీ నన్ను మళ్ళీ ఇంజనీరుని చేసింది ఆవిడే. ఈ మాట ఎక్కడైనా గట్టిగానే చెప్తాను. పెళ్ళికి ముందు నేను విజయవాడ ఆటోనగర్‌లో, లారీల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో నాణ్యత చూసేదాన్ని. గేజి పట్టుకుని "ఇది పాస్, ఇది ఫెయిల్" అంటే షాపంతా నా మాట వినేది. మావారి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో ఐర్లండ్ వచ్చాక ఆ చదువు అటకెక్కింది. కోవిడ్ మొదలై, వయసు పైబడినవాళ్ళు గడప దాటొద్దన్నప్పుడు నూలాకి సరుకులు తెచ్చి గుమ్మంలో పెట్టేదాన్ని. ఆవిడ గోడ అవతల, నేను ఇవతల. కబుర్లు అక్కడ మొదలయ్యాయి.

ఆవిడ జింకల్ని వేటాడుతుంది. ఇక్కడ వాటిని తినే పెద్ద మృగాలు లేవు, మంద పెరిగిపోయి కొండవాలున నాటిన మొక్కల్ని జింకలు బతకనివ్వవు. గుడ్డు కూడా ముట్టని ఇంట్లో పుట్టినదాన్ని, మొదట్లో ఆ మాట వింటేనే ముఖం చిట్లించేదాన్ని. అప్పుడొక రోజు ఆవిడే చెప్పింది. కిందటి చలికాలం పాత రైఫిల్ వెనక్కి తన్నుతుందన్న భయంతో, పేలకముందే భుజం అదిరి గురి తప్పింది. గాయపడ్డ జింక తప్పించుకుంటే ముళ్ళపొదల్లో పొద్దుపోయేదాకా వెతికి పట్టుకుని ప్రాణం తీసింది. "ఒక్క దెబ్బకి చంపలేకపోతే నాకు కొండెక్కే హక్కు లేదు. ఈ ఏడు ఇంకో రైఫిల్ చేయించుకుంటున్నాను. దాంతోనూ కాకపోతే వేట మానేస్తాను" అంది. కొండ మానేస్తే ఆవిడలో ఏం మిగులుతుందో నాకు అర్థమైంది. నేనూ పని మానేసినదాన్నే కదా.

చేయించుకుంటున్నది బ్యారెల్ మార్చుకునే రైఫిల్. ఒక బ్యారెల్ జింకలకి, ఇంకోటి గొర్రెలు ఈనే కాలంలో పిల్లల్ని ఎత్తుకుపోయే నక్కలకి. ఆ వేసవి ఒక మధ్యాహ్నం మందు లేని నమూనా తూటాలు మూడు గోడ మీద వరసగా నిలబెట్టింది. నేను వాటిని తలకిందులు చేసి అడుగుభాగాలు చూడసాగాను. తూటా వెనక తలుపులా మూసుకునే బోల్ట్ పట్టుకునేది అక్కడే.

"ఏం చూస్తున్నావ్? మొన చూడాలి గానీ."

"ఈ రెండింటి అడుగూ ఒకే కొలత. సన్నది నక్కలకి, మధ్యది జింకలకి పెట్టుకుంటే బోల్ట్ మార్చక్కర్లేదు, తూటాలు పెట్టే మ్యాగజైనూ మార్చక్కర్లేదు. బ్యారెల్ ఒక్కటే మారుతుంది. ఈ లావుదానికైతే అన్నీ వేరే కావాలి."

ఆవిడ కళ్ళద్దాలు తీసి నావైపు చూసింది. కానీ ఆవిడ మనసు పడింది ఆ లావుదాని మీదే. వేట క్లబ్బులో మగాళ్ళంతా దాన్నే మోస్తారట. "పెద్ద తూటా అయితే గురి కాస్త తప్పినా జింక పడిపోతుంది. నేను ఆలోచించేది జింక గురించి" అంది.

నా నోరు ఊరుకోదు. "అది మీ భుజాన్ని ఇంకా గట్టిగా తన్నుతుంది. పేలకముందే మీరు కళ్ళు మూసుకుంటే ఎంత పెద్ద తూటా అయితే ఏం లాభం? మీరు అదరకుండా పేల్చగలిగేది ఏదో, అదే జింకకి మంచిది" అన్నాను. ఆవిడ లావు తూటాని జేబులో వేసుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

సంగతి విని మావారు పడీపడీ నవ్వారు. "వంకాయ కూర తినేదానివి, తుపాకులకి సలహాలేంటే నీకు?" అన్నారు. "తినను కాబట్టే చెప్తున్నా. ఎలాగూ చావాల్సిందైతే బాధ లేకుండా పోవాలిగా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే గోడ దగ్గర నూలా పిలుపు. "నీకు నోరెక్కువ" అంది ముందుగా. తర్వాత, "దూడ అడ్డం తిరిగినప్పుడు కొత్త డాక్టర్లకి నేనే చెప్పేదాన్ని. ముందు జంతువు, తర్వాత నీ చెయ్యి, ఆఖరికి ఇనుము. నా దాకా వచ్చేసరికి వరస తిరగేశాను. మధ్యదే చేయించుకుంటాను" అంది.

బ్యారెళ్ళు తయారై, రెండింటికీ గార్డుల అనుమతి వచ్చేసరికి దసరా వచ్చింది. ఇక్కడ పోలీసుల్ని గార్డులంటారు. ఒంటరిగా ఉండేవాళ్ళు కోవిడ్‌లోనూ ఇంకొక కుటుంబంతో ఒక జట్టుగా, ‘బబుల్’గా కలవొచ్చన్నారు కాబట్టి నూలా మా బబుల్‌లోకి వచ్చింది. ఆవిడ షెడ్డులోకి నేను అడుగుపెట్టడం అదే మొదటిసారి. బ్యారెల్ బిగించాక రెండు గేజిలు నా చేతిలో పెట్టింది. ఒకదాని మీద బోల్ట్ మూసుకోవాలి, రెండోదాని మీద మూసుకోకూడదు. మొదటిది పెట్టి బోల్ట్ తోశాను, మెత్తగా మూసుకుంది. రెండోది పెట్టాను, సగంలో ఆగింది. బలవంతం చేయకుండా ఎక్కడ ఆపాలో నా వేళ్ళు మర్చిపోలేదు. "పాస్" అన్నాను. ఆ మాట అని ఎన్నేళ్ళయిందో.

దసరాకి ఆటోనగర్‌లో లేత్‌లకీ, వెర్నియర్లకీ, ఆఖరికి స్పానర్లకీ బొట్లు పెడతారని చెప్పాను. పసుపు కుంకుమ పొట్లాలు ఎలాగూ వెంట తెచ్చుకున్నాను. ఆవిడ సరేనంది. పసుపు తడిపి వేలు బ్యారెల్ మీదికి పోనిస్తే ఠక్కున నా మణికట్టు పట్టుకుంది. "ఉక్కుకి వద్దు, తుప్పు పడుతుంది. చెక్కకి పెట్టు." వాల్‌నట్ పిడి మీద బొట్టు పెట్టాను.

"దీనికి మంత్రం ఉందా?"

"ఉంది. నాకు సగమే వచ్చు."

"సగం గ్రాండ్" అంది. ఇక్కడివాళ్ళ భాషలో గ్రాండ్ అంటే ‘సరిపోతుందిలే’ అని.

నవంబరులో ఒక పొద్దున, గడ్డంతా మంచు పట్టి ఉంది. నూలా తమ్ముడి పొలం మా ఇళ్ళ వెనకే, కోవిడ్‌కి పెట్టిన అయిదు కిలోమీటర్ల హద్దు లోపలే ఉంది. చీకటి విడవకముందే ఆవిడ వెళ్ళడం కిటికీలోంచి చూశాను. పెనం మీద దోసె పోస్తుంటే ఒక పేలుడు వినపడింది. రెండోది వినపడకూడదు. రెండోది వినపడితే ఆవిడ ఇక కొండెక్కదు. గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. దోసె మాడి పొగ వచ్చింది. మావారు "ఏమైంది?" అంటూ వస్తే నోటి మీద వేలు పెట్టాను. రెండోది రాలేదు.

చాలాసేపటికి నూలా పెరటి తలుపు దగ్గరికొచ్చింది. బూట్ల నిండా బురద. "ఒక్కటే" అంది. "విన్నాను" అన్నాను. అక్కడే నిలబడి రైఫిల్ చేసినాయనకి ఫోన్ చేసింది. "బ్యారెల్ నువ్వు బాగా చేశావు. తూటా ఎంచింది మాత్రం మా ఇంజనీరు" అంది, నాకు వినపడేలా. నాకు ఏడుపొచ్చింది, గర్వంతో. ఆ వారమే ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టాను. ఇప్పుడు గుండె ఆపరేషన్ల పరికరాలు చేసేచోట నాణ్యత చూసేది నేనే. ఎవరైనా కొత్త మెషీన్ గురించి మొదలుపెడితే, "ముందు రోగి గురించి చెప్పండి" అంటాను. అక్కడివాళ్ళు అది నా మాటే అనుకుంటారు.

నూలా కిందటి ఏడు పోయింది. ఆ ముందు చలికాలం దాకా కొండెక్కుతూనే ఉంది.

మొన్న ఆ మరక కథంతా గోడ మీద మోచేతులు ఆనించి మేనకోడలికి చెప్పాను. ఆ పిల్ల సాండ్‌పేపర్ మడిచి జేబులో పెట్టుకుంది. నూనె గుడ్డ పక్కన పెట్టి, "నాకు ఇంకో బ్యారెల్ చేయించుకోవాలనుంది. పెద్ద తూటాది. క్లబ్బులో అందరూ అదే వాడుతున్నారు. మీరేమంటారు?" అని అడిగింది.

చేతిలో చొక్కా తీగ మీద పడేశాను.

"ఇలా దగ్గరికి రా. ముందు నీ భుజం చూడనీ" అన్నాను.