మూడో నంబరు పెట్టె

అమ్మ పోయిందని గోవా నుంచి ఫోనొచ్చినప్పుడు నేను ఏడవలేదు. ఎవరెవరికి కబురు చెయ్యాలో కాగితం మీద వరసగా రాసుకున్నా. అది చూసి మా పెద్దమ్మ, "పెంచిన తల్లా ఏంది, కన్నీళ్ళు రావటానికి" అంది. నాకు అమ్మ మీద కోపమని మావాళ్ళు ఎప్పుడో తేల్చేసుకున్నారు. నన్నెవరూ అడగలేదు. కాగితం మీద వరసగా రాసుకోవటం అమ్మ దగ్గర నేర్చుకున్నదే.

దక్షిణ ధ్రువపు మంచులో పరిశోధన చేసేవాళ్ళకి ఏడాదికి సరిపడా సామాను, బియ్యం నుంచి బోల్టుల దాకా, పెట్టెల్లో సర్ది ఓడకెక్కించటం గోవాలో అమ్మ ఉద్యోగం. నాన్న లేడు. నేను నరసరావుపేటలో అమ్మమ్మ దగ్గర పెరిగాను. వానలు వెనకబట్టిన దగ్గర్నుంచి ఓడ కదిలేదాకా అమ్మకు సెలవు దొరికేది కాదు. ఆ నెలల కోసం నాకూ ముందే పెట్టెలు సర్ది పంపేది. మూత మీద నంబరు, మూత లోపల జాబితా. ముందు కావలసింది పైన, ఆఖర్న కావలసింది అడుగున. జలుబు చేస్తే రెండోది, పరీక్షలప్పుడు నాలుగోది. అమ్మమ్మకి చదువు రాదు గాని అంకెలు తెలుసు.

"ఇన్ని రాతలెందుకే, పిల్లేమన్నా పార్శిలా?" అని ఓసారి ఫోన్లో దెప్పింది.

"తెరిచేవాళ్ళ చేతులు చలికి కొంకర్లు పోయుంటయ్యమ్మా. వాళ్ళని వెతుక్కోనీయకూడదు."

"ఇక్కడ చలేది?" అంది అమ్మమ్మ.

నా మూడో తరగతిలో, పుట్టినరోజుకి మూడో నంబరు పెట్టె తెరిస్తే అన్నీ లావుపాటి ఉన్ని గ్లౌజులు. అమ్మమ్మ ఒక జత తొడుక్కుని, పొయ్యి మీద గిన్నె దించి, చానా బాగున్నయ్యంది. నా గౌను, ఎర్ర రిబ్బన్లు ఓడెక్కిపోయాయి. రెండు రకాల పెట్టెలూ ఒకే బల్ల మీద సర్దినందుకు అమ్మ ఆఫీసులో మాట పడింది. ఆ తర్వాత నా పెట్టెలకి పసుపు రంగు పూసేది. సర్దటం మాత్రం మానలేదు.

కొన్ని నెలలకి అక్కణ్ణుంచి ఫొటో వచ్చింది. దారి తప్పకుండా మంచులో పాతే వెదురు కర్రకి నా రిబ్బను కట్టి ఉంది.

నేను పదో తరగతిలో ఉండగా అమ్మనే ఓడలో రమ్మన్నారు. నా పరీక్షలని వెళ్ళలేదు. అమ్మ చేసిన వాటిలో మావాళ్ళు మెచ్చుకున్నది అదొక్కటే. నాతో మాత్రం, "వెళ్ళుంటే బాగుండేదే. నువ్వు ఎట్టయినా బాగానే రాసేదానివి" అంది.

ఇప్పుడు ఆ ఓడలో సామాను చూసుకునే పనికి నన్ను పిలిచారు. నాకు మూడేళ్ళ పాప. నువ్వు పడ్డది చాల్లేదా, దానిక్కూడానా అంటోంది పెద్దమ్మ. పుట్టినరోజులకి అమ్మ లేదు, నిజమే. ఆ రోజుల్లో గుమ్మం వైపు చూసేదాన్ని. కానీ నాకు కావలసింది ఏదీ వెతుక్కోలేదు.

ఆ ఫొటో గోడ మీద ఉంది. చుట్టూ తెలుపు, ఒక కర్ర, గాలికి అడ్డంగా సాగిన ఎర్ర రిబ్బను. వచ్చే నెల నేను వెళ్తున్నాను. పాప వాళ్ళ నాన్న దగ్గర ఉంటుంది.