రెండు నిమిషాలు ముందు మోగిన గంట

ఆ కాలేజీలో ప్రిన్సిపాళ్లు మారారు, గోడల రంగులు మారాయి, సిలబస్ నాలుగుసార్లు మారింది. పరిశోధన సదస్సు రోజున గంట కొట్టే మనిషి మాత్రం మారలేదు. ఆయన కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ, అది హాజరు పట్టీ దాటి బయటికి రాలేదు. పిల్లలకీ, లెక్చరర్లకీ, క్యాంటీన్‌లో టీ పోసేవాడికీ ఆయన గంటాయనే.

ఏడాదికోసారి విద్యార్థులు తమ పరిశోధనల గురించి మాట్లాడే సదస్సు అది. ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఎనిమిదో నిమిషానికి గంట ఒకసారి మోగుతుంది, ముగించుకోమని. పదో నిమిషానికి రెండుసార్లు మోగుతుంది, ఇక దిగమని. దాంతోపాటే మైకు స్విచ్చి కూడా గంటాయనే కట్టేస్తాడు. ఇరవై ఏడేళ్లలో ఒక్క క్షణం ముందు కొట్టలేదు, ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. కాలేజీ అధ్యక్షుడి మనవరాలు "నా పరిశోధన మొత్తానికీ ఆయువుపట్టు ఏమిటంటే" అంటూ ఊపిరి పీల్చుకుంటుండగా టింగ్ టింగ్ మనిపించాడు. ఆ ఆయువుపట్టు ఏమిటో ఈనాటికీ ఎవరికీ తెలియదు. గంటాయన కొట్టాడంటే టైం అయినట్టే, గడియారం చూసుకోనక్కర్లేదు అని లెక్చరర్లు అనుకునేవారు. ఆ మాట చెవిన పడ్డ రోజున మనిషి నేల మీద నడిచేవాడు కాదు.

మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులూ గాజు సామాను కడిగే మనిషికి ఆ ఒక్కరోజు గొప్ప అంత అవసరమే. దాన్ని నేను తప్పు పట్టను. నేను తప్పు పట్టేది వేరే ఉంది.

ఆయన భార్యకు ఒక తమ్ముడు. చదువు అబ్బలేదు, గొడవల జోలికి పోడు, ఇచ్చిన పని ముగించేదాకా తల ఎత్తడు. ఆ బావమరిదిని గంటాయనే పట్టుబట్టి కాలేజీలో పెట్టించాడు, కెమిస్ట్రీ స్టోరులో. కిటికీ లేని గది అది. పైన ఒక ఫ్యాను ఉంది, సగం రోజులు తిరగదు. అరల నిండా సీసాలు, కింది అరలో పాదరసం. ల్యాబులో థర్మామీటర్లు పగలని వారం లేదు. పగిలినవన్నీ స్టోరుకే వచ్చేవి. నేల మీద పరుగులు తీసే పాదరసం బొట్లను బావమరిది కాగితంతో తోసి, పోగుచేసి, సీసాలో పోసేవాడు.

"చూశావా బావా, పట్టుకుంటే దొరకదు, వదిలితే పోదు" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయేవాడు.

దొరకనివి నేల పలకల సందుల్లోకి దిగిపోయేవి. అది కంటికి కనిపించకుండా గాలిలో కలుస్తుందనీ, ఊపిరితోపాటు లోపలికి పోతుందనీ ఆ ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాళ్లంతా పక్క గదిలోనే పాఠాలు చెబుతున్నారు.

పదకొండేళ్లు అలా గడిచాక బావమరిది చేతులు వణకడం మొదలైంది. తర్వాత మాట ముద్దగా రాసాగింది. నోట్లో నాలుక లేదనుకున్న మనిషి ఒకరోజు లెక్చరరు మీద ఇంతెత్తున లేచాడు. ఇంకోరోజు ఖరీదైన ఫ్లాస్కుల పెట్టె చేతిలోంచి జారవిడిచాడు. తాగి వస్తున్నాడని కాలేజీ అంతా అంది. ఆఫీసు సూపరింటెండెంటు ఒక కాగితం తయారుచేశాడు: విధుల్లో ఉండగా మద్యం సేవించినట్టు. కింద సాక్షుల సంతకాలకు రెండు గీతలు.

"నువ్వు పెడితే ఇంకెవర్నీ అడగక్కర్లేదయ్యా. సొంత మనిషివి. నీ మాట మీద ఎవరికీ అనుమానం రాదు" అన్నాడు సూపరింటెండెంటు.

"కానీ వాసన రాలేదండీ ఎప్పుడూ."

"వాసన రానివి కూడా ఉంటాయిలే."

గంటాయన సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం ఇంట్లో చెబితే భార్య చేతిలో పని ఆపేసి, "వాడు తాగడండీ. నాకు తెలుసు" అంది. "నీ తమ్ముడు గనక నీకలాగే ఉంటుంది" అన్నాడాయన.

ఉద్యోగం పోయిన ఏడు నెలలకి బావమరిది కాళ్లూ మొహం ఉబ్బిపోయి ఆసుపత్రిలో పడ్డాడు. మూత్రపిండాలు చెడిపోయాయన్నారు. డాక్టరు తల ఎత్తకుండా రాసుకుంటూ, "తాగుతాడా?" అని అడిగాడు. పక్కనున్న తన భార్య నోరు తెరిచేలోపే గంటాయన "అవునండీ" అన్నాడు. డాక్టరు ఆ మాట రాసుకున్నాడు, ఇంకేమీ వెతకలేదు. తొమ్మిదో రోజున మనిషి పోయాడు. చూడటానికి వచ్చినవాళ్లు కూడా మెట్లు దిగుతూ తాగుడు గురించే మాట్లాడుకున్నారు, ఆమెకు వినబడేంత గట్టిగా.

స్టోరు తాళాలు గంటాయన చేతికొచ్చాయి. రెండేళ్లు తిరిగేసరికి ఆయన వేళ్లు కూడా వణకసాగాయి.

ఎవరికీ చెప్పలేదు. తనని కూడా తాగుబోతు అంటారని భయం. కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని నిలబడటం అలవాటు చేసుకున్నాడు, వినయం అనుకున్నారు అందరూ. పిడి పట్టుకుని ఊపే పాత కంచు గంట, పట్టుకోగానే దానంతటదే గణగణమంటోందని, తల మీద తడితే మోగే బల్ల గంట తెప్పించమన్నాడు. ఆధునికంగా ఉంది అని మెచ్చుకున్నారు. ఇంట్లో భార్య మాత్రం టీ గ్లాసు సగమే నింపి ఇవ్వసాగింది, ఒలకకుండా.

ఆ ఏడాది చివరి సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె ల్యాబుల్లో గాలిని కొలుస్తానని బయల్దేరింది. ఎప్పుడు చూసినా భుజానికి మీటరు పెట్టె వేలాడుతుండేది, అందుకని పెట్టె పిల్ల అనేవారు. కొలుచుకుంటూ వచ్చి, స్టోరు గుమ్మం దగ్గర నిలబడి మీటరు వైపే చూస్తూ ఉండిపోయింది.

"బాబాయ్, ఇక్కడ పాదరసం ఎప్పుడైనా ఒలికిందా?"

"ఒలకని రోజెప్పుడమ్మా?"

ఆ తర్వాత మూడు నెలలు ఆ పిల్లకి తాళం తీసింది, పెట్టె మోసింది, ఫ్యాను ఆపమంటే ఆపింది గంటాయనే. ఒకరోజు ధైర్యం చేసి, "దీనివల్ల చేతులు గానీ వణుకుతాయా అమ్మా?" అని అడిగాడు. ఆ అమ్మాయి ఆయన చేతుల వైపు చూసి, చటుక్కున చూపు తిప్పుకుంది.

"ముందే ఎవరితోనూ అనొద్దన్నారు మా గైడు మేడమ్. సదస్సులో అందరి ముందూ చెప్తాను బాబాయ్. చివరి రెండు నిమిషాలూ అదే. మీరెలాగూ అక్కడే ఉంటారుగా."

అప్పట్నించి గంటాయన రోజులు లెక్కపెట్టుకున్నాడు. ఆ రెండు నిమిషాల్లో తన చేతుల సంగతి తేలుతుంది. అంతకన్నా ముఖ్యంగా, పోయినవాడి సంగతి తేలుతుంది. తేలితే తను పెట్టిన సంతకం ఏమవుతుందన్నది కూడా ఆయన ఆలోచించకపోలేదు.

సదస్సు పనులతో కాలేజీకి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ ఏడాది కాలేజీకి గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం కూడా అదే రోజున వస్తానంది మరి. ఆహ్వానానికో కమిటీ, బ్యాడ్జీలకో కమిటీ, పోస్టర్లు అంటించే బోర్డులకో కమిటీ, ఆ కమిటీలు సరిగ్గా పనిచేస్తున్నాయా అని చూడ్డానికి ఇంకో కమిటీ. బ్యానరు మీద తేదీ తప్పు పడింది, దాని మీద తెల్లకాగితం అంటించారు. సారాంశాల పుస్తకంలో వృక్షశాస్త్రం వాళ్ల ఫొటోలు కామర్స్ వాళ్ల పేర్ల కిందకి వెళ్లాయి. సదస్సు నడిపే మేడమ్, పెట్టె పిల్లకి గైడు కూడా ఆవిడే, ఒంటిచేత్తో అన్నీ సర్దుకుంటూ తిరిగింది. మంచావిడే. కానీ భయస్తురాలు. "స్టోరు గదిలో పాదరస కాలుష్యం" అన్న శీర్షికను కొట్టేసి, "ప్రయోగశాలల్లో గాలి నాణ్యత: ఒక పరిశీలన" అని మార్చింది. ఆ పేరు చూసి ఎవరూ ఉలిక్కిపడలేదు. ప్రిన్సిపాల్ కూడా.

ఆ రోజు మధ్యాహ్నం రెండో సభలో పెట్టె పిల్ల వంతు వచ్చింది. ముందు వరసలో తనిఖీ బృందం ముగ్గురు, వాళ్ల పక్కన ప్రిన్సిపాల్. వేదికకి ఎడమవైపు చిన్న బల్ల, దాని మీద గంట, స్టాప్‌వాచ్, మైకు స్విచ్చి. బల్ల వెనక గంటాయన, ఇస్త్రీ చొక్కాలో.

ఆ అమ్మాయి బాగా మాట్లాడింది. తొందరపడలేదు. ఎలా కొలిచిందో చెప్పింది, ఏ ల్యాబులో ఎంత ఉందో చెప్పింది. అన్నీ తక్కువే. తనిఖీ వాళ్లు తలలూపారు. ఏడో నిమిషం దాటాక తెర మీదకి స్టోరు గది ఫొటో వచ్చింది. పక్కనే ఒక ఎర్ర గీత, మిగతా గీతలన్నిటినీ కింద వదిలేసి పైకి పోయింది. తనిఖీ బృందంలో కళ్లజోడు ఆవిడ కలం తీసింది.

గంటాయన ఒకసారి గంట తట్టాడు. ఎనిమిది నిమిషాలు. సరిగ్గా.

"ఈ గదిలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల ఆరోగ్యం గురించి ఇప్పుడు..." అంది ఆ అమ్మాయి.

ప్రిన్సిపాల్ కాస్త పక్కకి తిరిగి, గంటాయన కళ్లలోకి చూసి, కుర్చీ చేతి మీద చూపుడువేలితో రెండుసార్లు తట్టాడు. అంతే.

గంటాయన గంట మీద రెండుసార్లు తట్టి, మైకు కట్టేశాడు.

ఆ రెండు నిమిషాల కోసమే రోజులు లెక్కపెట్టుకుంటూ కాచుకున్న మనిషి. అయినా పైనుంచి వేలు కదిలితే ఈయన చెయ్యి లేస్తుంది. ఇరవై ఏడేళ్లలో ఆ చెయ్యి నేర్చుకున్నది అదే. వణుకుతున్నా సరే, గురి తప్పలేదు.

ఆ అమ్మాయి పెదాలు కదులుతున్నాయి గానీ మాట వెనక వరసలకి చేరలేదు. వాచీ చూసుకుంది. ప్రిన్సిపాల్ వైపు కాదు, ఈయన వైపు తిరిగింది.

"బాబాయ్... ఇంకా రెండు నిమిషాలున్నాయి."

గంటాయన స్టాప్‌వాచ్ వైపు చూస్తూ ఉండిపోయాడు. హాల్లో ఒక్కరు కూడా గడియారం చూసుకోలేదు. గంటాయన కొట్టాడంటే టైం అయినట్టే కదా. చప్పట్లు కొట్టారు. కళ్లజోడు ఆవిడ కలం మూత పెట్టేసింది. మేడమ్ తల దించుకుని తర్వాతి పేరు పిలిచింది.

సభ ముగిశాక పోస్టరు బోర్డులు పేర్చిన నడవాలో ఆ అమ్మాయి ఆయన్ని పట్టుకుంది. తిట్టుంటే బాగుండేది. తిట్టలేదు.

"ఉండాల్సినదానికి పదకొండు రెట్లుంది బాబాయ్, ఆ గదిలో. రేపట్నించి మీరు లోపలికి వెళ్లకండి. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఊరికే కోపమొస్తుంది, మాట తడబడుతుంది. తర్వాత మూత్రపిండాలు పోతాయి. చూసేవాళ్లకి అచ్చం తాగినట్టే ఉంటుంది. మీరు డాక్టరు దగ్గరికెళ్తే తాగుతావా అని అడుగుతాడు. లేదని గట్టిగా చెప్పండి. లేకపోతే ఇంకేమీ వెతకరు."

"తెలుసమ్మా" అన్నాడాయన.

"వచ్చే వారం స్టోరు నేల పలకలు మార్పిస్తారట. ప్రిన్సిపాల్ ఇప్పుడే ఆర్డరు వేశారు. ఇక కొలవడానికి ఏమీ మిగలదు" అంది ఆ పిల్ల, పెట్టె భుజానికి తగిలించుకుంటూ.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. భార్య అలవాటుగా సగం గ్లాసు టీ తెచ్చి ఇచ్చింది. ఆయన తాగలేదు.

"నీ తమ్ముడు తాగలేదు" అన్నాడు. "ఆ గదిలో పాదరసం. ఇవాళ సదస్సులో మాట్లాడిన పిల్ల చెప్పింది. నా చేతులూ అందుకే ఇలా అయ్యాయి."

ఆమె ఏడవలేదు. ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"నాకు తెలుసని అప్పుడే చెప్పాను" అంది. "పోనీలెండి. ఇవాళ పెద్దవాళ్లందరూ వస్తారన్నారుగా. వాళ్ల ముందు చెప్పిందా ఆ పిల్ల? ఇప్పటికైనా నలుగురికీ తెలిసిందా, వాడు తాగుబోతు కాదని?" అని అడిగింది. గొంతులో ఆశ ఉంది. అది వినలేకపోయాడు ఆయన.

"లేదు."

"ఏం?"

గ్లాసు బల్ల మీద పెట్టాడు. చెయ్యి తీసేదాకా అది టకటకమంటూనే ఉంది.

"చెప్పబోతుంటే గంట కొట్టేశాను."

ఆమె ఆయన చేతుల వైపు చూసింది, తర్వాత మొహంలోకి చూసింది.

"అక్కడా మీరేనా?" అంది.